అత్త అంటే... నాన్న!

ఆ భాష మాట్లాడినవాళ్లు రోమ్ నగరాన్ని గడగడలాడించారు. ఇటలీని పాలించారు. స్పెయిన్‌ను రెండు శతాబ్దాలకు పైగా ఏలారు. ఇప్పుడా భాషలో బిడ్డను జోకొట్టే తల్లి ఒక్కరూ లేరు. అయినా సరే, దాన్ని పట్టుదలగా నేర్చుకుంటున్నవాళ్లున్నారు. పోయిన భాషను చదవడం దేనికీ అంటారా? ఆ కథలో కుక్కల బేరం ఉంది, మిరియాల మూటలుంది, వెండి అక్షరాల పుస్తకం ఉంది. మన సంస్కృతం, మన తెలుగు కూడా ఉన్నాయి!

వేసవి వచ్చిందంటే బజార్లో ఆల్ఫాన్సో మామిడిపళ్లు కనిపిస్తాయి. పోర్చుగీసు సేనాని అఫోన్సో డి అల్బుకెర్క్ పేరు మీద వాటికా పేరొచ్చిందంటారు. రక్షణమంత్రిగా చేసిన జార్జి ఫెర్నాండెజ్ గుర్తున్నారుగా! అఫోన్సో, ఫెర్నాండో, రోడ్రిగో... ఇవన్నీ పోర్చుగల్, స్పెయిన్‌ల నుంచి వచ్చిన పేర్లే. కానీ పుట్టుకతో అవి ఆ దేశాల భాషలవి కావు. ఒకప్పుడు ఆ గడ్డను ఏలిన గోథ్‌లు తమ పిల్లలకు పెట్టుకున్న పేర్లు. జాతి కలిసిపోయింది, భాష ఆరిపోయింది. పేర్లు మాత్రం సముద్రాలు దాటి మన మామిడిపండు దాకా వచ్చాయి.

ఎవరీ గోథ్‌లు? జర్మన్, ఇంగ్లిష్, స్వీడిష్ భాషలు మాట్లాడేవారికి దూరపు చుట్టాలు. మూడో శతాబ్దం నాటికి నల్లసముద్రానికి ఉత్తరాన, ఇప్పటి ఉక్రెయిన్, రుమేనియా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. 251లో రోమన్ చక్రవర్తి డెషియస్‌ను యుద్ధంలో మట్టుబెట్టారు. తమ పూర్వికులు మూడు ఓడల్లో స్కాండినేవియా నుంచి వచ్చారని వాళ్ల కథలు చెబుతాయని 551 ప్రాంతంలో జోర్డానెస్ అనే రచయిత రాసిపెట్టాడు. మూడు ఓడల మాటను చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. పోలండ్‌లోని విస్తులా నదీతీరం నుంచి వాళ్లు మెల్లమెల్లగా దక్షిణానికి జరిగారనడానికి మాత్రం తవ్వకాల్లో ఆధారాలు దొరికాయి.

బిడ్డనిచ్చి కుక్కను కొన్నారు

గోథ్‌లంటే దోచుకునే అనాగరికులన్న ముద్ర పడిపోయింది. కానీ కథ మొదలైంది దోపిడీతో కాదు, కాందిశీకులతో.

376లో తూర్పు నుంచి హూణులు విరుచుకుపడ్డారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాదిమంది గోథ్‌లు డాన్యూబ్ నది ఒడ్డుకు చేరారు. అవతలి ఒడ్డు రోమన్ సామ్రాజ్యం. 'మాకింత చోటిస్తే మీ సైన్యంలో పనిచేస్తాం' అని చక్రవర్తి వాలెన్స్‌ను వేడుకున్నారు. ఆయన సరేనన్నాడు. పడవల మీద, తెప్పల మీద, చెట్ల దుంగల మీద నది దాటారు. కొట్టుకుపోయినవాళ్లు కొట్టుకుపోగా మిగిలినవాళ్లు ఒడ్డెక్కారు.

అసలు నరకం అక్కడ మొదలైంది. కాందిశీకులకు తిండి పెట్టాల్సిన రోమన్ అధికారులు లుపిసినస్, మాక్సిమస్ ఆకలితో వ్యాపారం మొదలుపెట్టారు. చుట్టుపక్కల కుక్కలన్నిటినీ పట్టి తెప్పించారు. ఒక కుక్కమాంసానికి ఒక బానిస... అదీ బేరం! ఆకలికి తాళలేని తల్లిదండ్రులు కన్నబిడ్డల్ని అప్పజెప్పారు. పెద్ద కుటుంబాల పిల్లలు కూడా అలా బానిసలైపోయారు. ఈ మాట చెప్పింది గోథ్‌లు కాదు. రోమన్ సైన్యంలో పనిచేసిన చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెలినస్ స్వయంగా రాశాడు. తన పక్షంవాళ్ల సిగ్గుమాలినతనాన్ని ఆయన దాచిపెట్టలేదు.

కడుపు మండినవాళ్లు తిరగబడ్డారు. 378 ఆగస్టు 9న అడ్రియానోపుల్ దగ్గర... అంటే ఇప్పటి టర్కీలోని ఎదిర్నె దగ్గర... యుద్ధం జరిగింది. రోమన్ సేనలో మూడింట రెండొంతులు నేలకూలింది. చక్రవర్తి వాలెన్స్ శవం కూడా దొరకలేదు. రెండు పూటలా తిండి పెట్టి ఉంటే యూరప్ చరిత్ర మరోలా ఉండేదేమో!

రోమ్ విలువ... మిరియాలు!

ఆ తరం పిల్లల్లో ఒకడు అలరిక్. మొదట రోమ్ తరఫునే యుద్ధాలు చేశాడు. తన మనుషులకు భూమి, ధాన్యం, తనకు సైన్యంలో హోదా... ఆయన అడిగినవి ఇవే. ఇస్తామనేవారు, మాట తప్పేవారు. విసిగిపోయిన అలరిక్ 408లో రోమ్ నగరాన్ని ముట్టడించాడు. నగరంలోకి గింజ కూడా వెళ్లకుండా కట్టడి చేశాడు.

వదిలిపెట్టడానికి ఏం కావాలన్నారు. 5000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4000 పట్టు అంగీలు, 3000 ఎర్రరంగు తోళ్లు, 3000 పౌన్ల మిరియాలు ఇచ్చి ఒప్పందం చేసుకున్నారు. చివరి వస్తువు మరోసారి చూడండి. మిరియాలు! అవి యూరప్‌లో పండవు. మన మలబారు తీరం నుంచి ఓడల్లో ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టుకు, అక్కణ్నుంచి రోమ్‌కు చేరేవి. బంగారం పక్కన కూర్చోగల సరుకు అన్నమాట. మనం చారులోకి దంచి పారేసే మిరియాలు ఒకనాడు ప్రపంచంలోకెల్లా గొప్ప నగరాన్ని కొద్దికాలం కాపాడాయి.

కొద్దికాలమే! ఆ తర్వాతా చర్చలు నడిచాయి. అలరిక్ తన కోరికలు తగ్గించుకుంటూ వచ్చాడు కూడా. ఒకదశలో కాస్త భూమి, ఏటా ధాన్యం చాలన్నాడు. అదీ కుదరలేదు. 410 ఆగస్టు 24న గోథ్‌లు రోమ్‌లో ప్రవేశించారు. మూడురోజులు దోచుకున్నారు. సుమారు 800 ఏళ్లలో రోమ్ శత్రువు చేతికి చిక్కడం అదే మొదటిసారి. ఆ ఏడాదే అలరిక్ చనిపోయాడు. బుసెంటో అనే నదిని పక్కకు మళ్లించి, అడుగున సమాధి చేసి, మళ్లీ నీళ్లు వదిలారని జోర్డానెస్ రాశాడు. ఆ సమాధి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

తోడేలు పిల్ల రాసిన పుస్తకం

కత్తులు పట్టిన ఈ జాతికి అక్షరాలిచ్చిన మనిషి కథ వేరు. పేరు వుల్ఫిలా. గోథిక్‌లో 'వుల్ఫ్స్' అంటే తోడేలు. సంస్కృతంలో వృకం. చివర 'ఇలా' చేరిస్తే ముద్దుపేరు. చిన్న తోడేలు అన్నమాట. మనం చిట్టి, బుజ్జి అని పిలుచుకున్నట్లే.

ఆయన పూర్వికులు గోథ్‌లు కారు. ఇప్పటి టర్కీ మధ్యభాగంలోని కపడోషియాలో ఉండే క్రైస్తవులు. మూడో శతాబ్దంలో గోథ్‌లు దాడిచేసి పట్టుకుపోయారు. బందీల ఇంట పుట్టిన వుల్ఫిలా తమను పట్టుకొచ్చినవారి భాషనే తన భాషగా చేసుకున్నాడు. గ్రీకు, లాటిన్ కూడా వచ్చు. నాలుగో శతాబ్దం మధ్యలో బిషప్ అయ్యాడు. గోథ్‌ల ప్రాంతంలో క్రైస్తవుల మీద వేధింపులు మొదలైతే తనవాళ్లను వెంటబెట్టుకుని డాన్యూబ్ దాటి, ఇప్పటి బల్గేరియాలో స్థిరపడ్డాడు.

అప్పటిదాకా గోథ్‌లకున్నవి కొయ్య మీదా లోహం మీదా చెక్కుకునే రూనిక్ గుర్తులే. వాటితో పుస్తకం రాయడం కుదరదు. వుల్ఫిలా ఎక్కువగా గ్రీకు లిపిని తీసుకుని, లాటిన్ నుంచి, రూనిక్ నుంచి కొన్ని గుర్తులు కలిపి 27 అక్షరాల కొత్త లిపి తయారుచేశాడు. ఆ లిపిలో బైబిల్‌ను గోథిక్‌లోకి అనువదించాడు. ఒక్క భాగం తప్ప! యుద్ధాలతో నిండిన 'రాజుల గ్రంథాలు' మాత్రం వదిలేశాడట. 'మావాళ్లకు యుద్ధమంటే ముందే సరదా. వాళ్లకు కళ్లెం కావాలి గానీ కొరడా ఎందుకు' అన్నట్లుగా ఆయన ఆలోచించాడని ఫిలోస్టోర్గియస్ అనే చరిత్రకారుడు చెప్పాడు.

అనువాదకుడి కష్టాలు ఎక్కడైనా ఒకటే. డాన్యూబ్ ఒడ్డున ఒంటె ఎక్కడుంటుంది? బైబిల్లో ఉంది మరి! ఒంటెకు గోథిక్‌లో 'ఉల్బందుస్' అనే మాట కనిపిస్తుంది. అది ఏనుగును చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చిందంటారు. చూడని జంతువుకు విన్న జంతువు పేరు.

ఇక ఈ వ్యాసం శీర్షిక సంగతి. గోథిక్ బైబిల్లో తండ్రి అని చెప్పాల్సినచోట దాదాపు ప్రతిసారీ కనిపించే మాట 'అత్త'! అవును, అక్షరాలా అదే. మన మేనత్తకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కాకతాళీయమే. అత్తకు 'ఇలా' చేరిస్తే 'అత్తిలా'... అంటే బుజ్జి నాన్న. ప్రపంచాన్ని వణికించిన హూణుల రాజు అట్టిలా పేరు ఇలా పుట్టిందేనని చాలామంది పండితుల అభిప్రాయం. శత్రువులకు సింహస్వప్నం, ఇంట్లో బుజ్జినాన్న!

ఊదారంగు తోలు... వెండి అక్షరాలు

వుల్ఫిలా చేతిరాత ప్రతి మనకు దొరకలేదు. దొరికినవాటిలో గొప్పది ఆరో శతాబ్దం ఆరంభం నాటి 'కోడెక్స్ అర్జెంటియస్'. అంటే వెండి పుస్తకం. ఇటలీని గోథ్ రాజు థియొడోరిక్ ఏలుతున్న రోజుల్లో, బహుశా రవెన్నా నగరంలో తయారైంది. పల్చటి తోలు పత్రాలకు ఊదారంగు అద్ది, వెండి సిరాతోనూ అక్కడక్కడా బంగారు సిరాతోనూ రాశారు. మొదట కనీసం 336 పత్రాలుండేవి. ఇప్పుడున్నవి 188.

ఆ పుస్తకం తిరిగినన్ని ఊళ్లు యాత్రికులు కూడా తిరగరేమో! వెయ్యేళ్లపాటు ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. 16వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని వెర్డెన్ మఠంలో బయటపడింది. అక్కణ్నుంచి ప్రాగ్‌లో రుడాల్ఫ్ చక్రవర్తి ఖజానాకు చేరింది. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ను దోచినప్పుడు క్రిస్టీనా రాణి దగ్గరికెళ్లింది. ఆమె గ్రంథాలయ పాలకుడు ఐజాక్ వోసియస్ దాన్ని హాలండ్ పట్టుకుపోయాడు. అక్కడే ఆయన మేనమామ ఫ్రాన్సిస్కస్ జూనియస్ 1665లో తొలిసారి అచ్చు వేయించాడు. ఈలోగా స్వీడన్ ప్రభువు డి లా గార్డీ పుస్తకాన్ని కొని, వెండి అట్ట చేయించి, 1669లో ఉప్సలా విశ్వవిద్యాలయానికి కానుకగా ఇచ్చాడు. గోథ్‌లు తమ పూర్వికులేనని స్వీడన్ పెద్దలకు అప్పట్లో మహా గర్వం.

కథ అక్కడితో ఆగితే బాగుండును. 1970లో జర్మనీలోని స్పెయర్ చర్చిలో మరమ్మతులు చేస్తుంటే ఒక పెట్టెలో కర్రకు చుట్టిన తోలుముక్క కనిపించింది. విప్పి చూస్తే వెండి పుస్తకంలో తప్పిపోయిన పత్రం! 1995 ఏప్రిల్ 5న దొంగలు ఉప్సలా గ్రంథాలయంలో ప్రదర్శనకు పెట్టిన భాగాలను ఎత్తుకుపోయారు. నెల తర్వాత అవి స్టాక్‌హోమ్ రైల్వేస్టేషన్ సామాను పెట్టెలో దొరికాయి. 2011లో ఈ పుస్తకం యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు సంపాదించింది.

'నమో' అంటే పేరు

ఎప్పుడో పోయిన భాషకు ఇంత హడావుడి ఎందుకు? జవాబు కోసం కలకత్తా వెళ్లాలి.

1786 ఫిబ్రవరి 2. ఏషియాటిక్ సొసైటీ సభలో జడ్జి విలియం జోన్స్ ప్రసంగించారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని ఆయన చెప్పిన సంగతి చాలామందికి తెలుసు. అదే ప్రసంగంలో గోథిక్ పేరు కూడా ఉంది. అది కూడా సంస్కృతంతోపాటు పుట్టిందేనని ఊహించవచ్చన్నారు. నిజమో కాదో మీరే చూడండి.

కొడుకు: సంస్కృతంలో సూను, గోథిక్‌లో సునుస్.
కూతురు: దుహిత, దొహ్తర్.
సోదరి: స్వస, స్విస్తర్.
సోదరుడు: భ్రాత, బ్రోథర్.
భర్త పోయిన స్త్రీ: విధవ, విదువో.
కాడి: యుగ, యుక్.
ఎనిమిది: అష్టౌ, అహ్తౌ.
ఉన్నది: అస్తి, ఇస్త్.
పేరు: నామ, నమో!

సంస్కృతంలో 'వేద' అంటే నాకు తెలుసు అని కూడా అర్థం. గోథిక్‌లో నాకు తెలుసు అనాలంటే 'వైత్'. సంస్కృతంలోలాగే ఇద్దరి కోసం ద్వివచనం ఉంది. 'విత్' అంటే మేమిద్దరం. మన తెలుగులో మేము, మనము అని తేడా చూపిస్తాం. వాళ్లు ఇద్దరమా, ఎక్కువమందిమా అని చూపించేవారు. ఏ భాష సూక్ష్మం దానిది.

జర్మనీ పండితుడు ఫ్రాంజ్ బాప్ 1816లో సంస్కృత క్రియలను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ భాషల క్రియలతో పోల్చి పుస్తకం తెచ్చాడు. జర్మానిక్ కుటుంబంలో అంత పాత పుస్తకం గోథిక్‌దే కాబట్టి అదే ఆధారం. తర్వాత 1822లో మరో జర్మన్ ఇంకో చిక్కుముడి విప్పాడు. సంస్కృతంలో 'ప' ఉన్నచోట గోథిక్‌లో 'ఫ', 'త' ఉన్నచోట 'థ', 'ద' ఉన్నచోట 'త' వస్తున్నాయి. పాద... ఫోతుస్. త్రయః... థ్రీస్. దంత... తున్థుస్. శబ్దాలు ఇష్టమొచ్చినట్లు మారవు, ఒక లెక్క ప్రకారం మారతాయి అని తేలింది. డేనిష్ పండితుడు రాస్ముస్ రాస్క్ కూడా అంతకుముందే ఈ సంగతి గమనించాడు. ఇంతకీ ఆ జర్మన్ ఎవరనుకున్నారు? జేకబ్ గ్రిమ్. సిండ్రెల్లా, స్నోవైట్ కథల్ని సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన!

ఇందులో మనకూ వాటా ఉంది. బాప్ పుస్తకం వచ్చిన 1816లోనే మద్రాసులో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని ఉపోద్ఘాతానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం జోడించాడు. తెలుగు ధాతువులను తమిళ, కన్నడాలతో పోల్చి, ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వేరే కుటుంబం అని రుజువులు చూపాడు. ఒకే ఏడాది అక్కడ గోథిక్‌ను సంస్కృతం పక్కన కూర్చోబెట్టారు, ఇక్కడ తెలుగుకు సొంత ఇల్లుందని చూపించారు. దారి ఒకటే... మాటను మాటతో పోల్చడం.

పేపర్ చదవాలని...

గోథిక్ నేర్చుకోవాలనుకున్న ఇంగ్లిష్ విద్యార్థులకు దాదాపు వందేళ్లపాటు దిక్కయిన పుస్తకాలు జోసెఫ్ రైట్‌వి. ఆయన కథ తెలిస్తే 'మావాడికి చదువు అబ్బలేదు' అని ఏ తల్లీ బాధపడదు.

1855లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పేద ఇంట్లో పుట్టాడు. ఆరేళ్లకే రాళ్ల క్వారీలో గాడిదలు తోలే పని. ఆపైన ఉన్నిమిల్లులో కూలి. పదిహేనేళ్ల వయసు దాకా అక్షరం ముక్క రాదు. 1870లో ఫ్రాన్స్, జర్మనీల మధ్య యుద్ధం వచ్చింది. మిల్లులో ఎవరో పేపర్ చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూచేరి వినేవారు. ఇంకొకరు చదివి చెబితే వినడమేంటి, నేనే చదవాలనుకున్నాడు రైట్. తనంతట తానే అక్షరాలు నేర్చుకున్నాడు. రాత్రిబడికి వెళ్లాడు. తర్వాత తానే తోటి కూలీలకు పాఠాలు చెప్పాడు. కూడబెట్టిన డబ్బుతో 1876లో జర్మనీ చదువుకు బయల్దేరి, ఖర్చు మిగల్చడానికి బెల్జియంలోని యాంట్‌వర్ప్ నుంచి హైడెల్‌బర్గ్ దాకా నడిచే వెళ్లాడు! 1901లో ఆక్స్‌ఫర్డ్‌లో తులనాత్మక భాషాశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఆయన రాసిన గోథిక్ వాచకం 1892లో వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఒక స్కూలు కుర్రాడు దాన్ని మత ప్రచారానికి పనికొస్తుందనుకుని పొరపాటున కొన్నాడు. పనికిరాదని తేలాక తోటి కుర్రాడికి అమ్మేశాడు. కొన్న కుర్రాడి పేరు జె.ఆర్.ఆర్. టోల్కీన్. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సృష్టికర్త! ఆ పుస్తకం చదివి ఆయన గోథిక్‌తో ప్రేమలో పడ్డాడు. లేని మాటలు తానే కల్పించుకునేవాడు. పెద్దయ్యాక ఆ భాషలో కవిత కూడా రాశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు గురువు ఎవరో తెలుసా? మిల్లు కూలీ జోసెఫ్ రైటే!

రాజ్యాలున్నా భాష ఎందుకు పోయింది?

ఇది అసలు ప్రశ్న. గోథ్‌లకు రాజులున్నారు, సైన్యాలున్నాయి, లిపి ఉంది, గ్రంథముంది. అయినా భాష నిలవలేదు.

మొదటి కారణం సంఖ్య. ఇటలీలో, స్పెయిన్‌లో లాటిన్ మాట్లాడే జనసముద్రంలో గోథ్‌లు గుప్పెడు మంది. చట్టాలు లాటిన్‌లో, ఉత్తరాలు లాటిన్‌లో, వ్యాపారం లాటిన్‌లో. ఏలినవారే ప్రజల భాషకు మారారు. గోథిక్‌కు మిగిలిన గట్టి చోటు వాళ్ల చర్చి. గోథ్‌లది ఏరియన్ శాఖ, మిగతా జనానిది క్యాథలిక్ శాఖ. 589లో టోలెడో సభలో స్పెయిన్ రాజు రెకరెడ్ తన జాతితో సహా క్యాథలిక్‌లో చేరిపోయాడు. స్పెయిన్‌లో ఆ చోటూ పోయింది. 711లో అరబ్బుల దాడితో రాజ్యమూ పోయింది.

ఇటలీ కథ ఇంకా విషాదం. థియొడోరిక్ పోయాక 535లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ యుద్ధం మొదలెట్టాడు. సుమారు ఇరవయ్యేళ్లు సాగింది. గోథ్‌లు ఓడిపోయారు. రవెన్నాలో థియొడోరిక్ కట్టించిన చర్చి గోడ మీద ఇప్పటికీ ఓ దృశ్యం కనిపిస్తుంది. రంగురాళ్ల చిత్రంలో రాజభవనం. స్తంభాల మధ్య తెల్లటి తెరలు. ముందు అక్కడ మనుషుల బొమ్మలుండేవి. కొత్త పాలకులు వాళ్లను చెరిపించి తెరలు వేయించారు. పని తొందర్లో స్తంభాల మీద పడ్డ చేతులు చెరపడం కుదరలేదేమో! మనుషులు లేరు, చేతులు మిగిలాయి.

అదే రవెన్నాలో 551 నాటి ఒక పత్రం దొరికింది. అప్పు తీర్చలేక గోథిక్ చర్చి తన చిత్తడి నేలను అమ్ముకున్న దస్తావేజు. పత్రమంతా లాటిన్‌లో ఉంది. కింద నలుగురు మాత్రం గోథిక్‌లో సంతకాలు చేశారు. వాళ్లలో విల్యరిథ్ తన పేరు పక్కన 'బోకారీస్'... అంటే లేఖకుడు... అని రాసుకున్నాడు. రాజ్యం కూలుతున్నా తన అక్షరాన్ని వదల్లేదు.

తర్వాత గోథిక్ పుస్తకాలకు గిరాకీ లేదు. తోలేమో ఖరీదు. మఠాల్లో పాత రాత గీకేసి పైన కొత్తవి రాసుకున్నారు. 1817లో మిలన్‌లో ఏంజెలో మాయ్ అనే పండితుడు అలాంటి పత్రాల అడుగున గోథిక్ అక్షరాలు కనిపెట్టాడు. 2009లో ఇటలీలోని బొలోనియాలో మరో రెండు పత్రాలు దొరికాయి. అడుగున గోథిక్. పైన రాసిన పుస్తకం ఏమిటంటే... సెయింట్ అగస్టీన్ 'దైవనగరం'. గోథ్‌లు రోమ్‌ను దోచినందుకు కలిగిన కలవరంలో ఆయన రాసిన గ్రంథమది! గోథ్‌ల మాటను గీకేసి, గోథ్‌ల వల్ల పుట్టిన పుస్తకాన్ని దాని మీద రాశారు.

మెదక్ చర్చికీ వాళ్లకీ...

మెదక్ చర్చిని గోథిక్ శైలి కట్టడం అంటాం. చార్లెస్ పాస్నెట్ ఆధ్వర్యంలో కట్టిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ముంబయిలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్‌దీ ఆ బాణీయే. ఆకాశాన్నంటే గోపురాలు, కొనదేరిన తోరణాలు... వీటికీ గోథ్‌లకూ సంబంధం ఏమిటి? ఏమీ లేదు! ఆ శైలి 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. అప్పటికి అక్కడ గోథిక్ మాట్లాడేవారే లేరు. 1550లో ఇటలీ రచయిత వసారి ఆ కట్టడాలు నచ్చక, రోమ్‌ను పాడుచేసిన గోథ్‌ల పని ఇలాగే ఉంటుందని ఎద్దేవా చేశాడు. ఆ తిట్టే పేరుగా స్థిరపడింది. తర్వాత పాడుబడిన కోటల్లో దెయ్యాల కథలు 'గోథిక్ నవల'లయ్యాయి. నల్లబట్టలు, నల్ల లిప్‌స్టిక్‌తో తిరిగే కుర్రకారు 'గోత్'లయ్యారు. భాష పోయింది గానీ పేరు మాత్రం ఇంకా ఊరేగుతోంది.

మరచినవాడు, చెప్పినవాడు

క్రిమియా కొండల్లో మాత్రం గోథ్‌లు ఓ మూల మిగిలారు. అక్కడి మంగూప్‌లో 1938లో తవ్వకాల్లో దొరికిన రాళ్ల మీది గీతలు గోథిక్ అక్షరాలని 2015లో రష్యన్ పరిశోధకులు తేల్చారు. తొమ్మిదో శతాబ్దం నాటి ప్రార్థనలు, కీర్తనల పంక్తులు. పుస్తకాల్లో కాక నిత్యజీవితంలో భక్తులు గీసుకున్న రాతలు.

1560 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో బుస్బెక్ అనే రాయబారి ఉండేవాడు. క్రిమియాలో జర్మన్‌ను పోలిన భాష ఉందని విని ఇద్దరిని పిలిపించుకున్నాడు. ఒకడు పొడగరి. పుట్టుకతో క్రిమియా గోథ్. రెండోవాడు పుట్టుకతో గ్రీకు, వాళ్ల మధ్య మసలినవాడు. మాటలు చెప్పమన్నాడు. గోథ్ చెప్పలేకపోయాడు. గ్రీకు వాడుకలో పడి సొంత భాష మరిచిపోయాడు. గ్రీకువాడే ఒక్కొక్కటీ చెప్పాడు. వర్షం, ఇల్లు, రొట్టె, రక్తం, అన్న, చెల్లి... ఎనభైకి పైగా మాటలు. వాటిలో వందకు 'సద', వెయ్యికి 'హజెర్'. ఇరాన్ వైపు నుంచి వాళ్లు అరువు తెచ్చుకున్నవి. మన హైదరాబాద్ బజార్లో వినిపించే 'హజార్' దానికి దగ్గరి చుట్టమే. తర్వాత కొన్ని తరాలకు అక్కడా ఆ భాష చల్లారిపోయింది.

ఇప్పుడు వెండి పుస్తకం ప్రతి పుటనూ ఉప్సలా విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లోకి ఎక్కించింది. యాంట్‌వర్ప్ విశ్వవిద్యాలయం మిగిలిన గోథిక్ పాఠాన్ని మాట మాటకూ వ్యాకరణంతో సహా అందుబాటులో పెట్టింది. జోసెఫ్ రైట్ కాలినడకన బయల్దేరిన ఊరే అది! నాలుగు విభక్తులు, మూడు లింగాలు, మూడు వచనాలు. సంస్కృతం కాస్త చదువుకున్నవారికి గోథిక్ అంత కష్టమేమీ కాదు. నేర్చుకుంటే ఉద్యోగం రాదు, నిజమే. కానీ ఓ సంగతి మాత్రం తెలిసొస్తుంది. గోథిక్‌ను ఏ శత్రువూ నిషేధించి చంపలేదు. లిపి కరవై పోలేదు, గ్రంథం లేక పోలేదు. ఇంట్లో పిల్లలతో మాట్లాడటం మానేశారు, అంతే.

బుస్బెక్ ముందు కూర్చున్న ఆ పొడగరి పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. తన అమ్మ మాటలు పరాయివాడి నోట వింటూ, ఔను, ఇది మా ఇంట్లో మాటే అనుకుని ఉంటాడు పాపం!